పారబోయలేని నీళ్ళు

కాడుగోడి, బెంగళూరు
జూన్ 12

అక్కా,

నీ తమ్ముడు గంగప్ప ఇప్పుడు అధ్యక్షుడు. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

ఫోన్ చేసి చెబుదామనే అనుకున్నాను. కానీ పోయినసారి నీ చెవికి వినబడాలని అరిస్తే నీకు తప్ప మేముండే రేకుల షెడ్లన్నిటికీ వినబడింది. నాకు మొలలున్న సంగతి మా మేస్త్రీతో సహా అందరికీ తెలిసిపోయింది. అందుకని మళ్ళీ ఉత్తరానికే దిగాను. పోస్టాఫీసులో స్టాంపు అడిగితే అక్కడి పిల్ల నన్ను వింతగా చూసింది.

జరిగింది ఇది. మా షెడ్ల వరసకు నళిని అని ఒక ఆశా కార్యకర్త వస్తుంది. పోయిన వానాకాలం మూల షెడ్డులోని రాయచోటి వాళ్ళ పసిబిడ్డ డెంగీ జ్వరంతో పోయిందని రాశాను కదా. అలాంటిది మళ్ళీ జరగకూడదంటే ఎవరో వచ్చి కాపాడతారని కూర్చోవద్దు, మీలో మీరే ఒక కమిటీ వేసుకోండి అంది. ఆ దోమ మురికి గుంటలో పుట్టదట. మనం కడుపులో పెట్టుకుని దాచుకునే మంచి నీళ్ళలోనే గుడ్లు పెడుతుందట. కాబట్టి ప్రతి శుక్రవారం డ్రమ్ములన్నీ బోర్లించి, తోమి, ఎండబెట్టాలట. దీనికి ముందు ఎవరు నిలబడతారని అడిగింది. అందరూ నేలకేసి చూశారు. సరిగ్గా అప్పుడే నా మోకాలు పట్టేస్తే లేచి నిలబడ్డాను. చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో భవనాలకు ఇనుప కంబి కడుతున్నాను, ఎవడూ నాకు చప్పట్లు కొట్టలేదు. ఆ చప్పట్ల ముందు మోకాలి సంగతి ఎలా చెప్పను?

ఆ శుక్రవారాన్ని డ్రై డే అంటారని నళిని చెప్పగానే మగవాళ్ళు సగం మంది గురువారమే బ్రాందీ షాపు ముందు లైను కట్టారు. నేనూ ఉన్నాను, అధ్యక్షుడి హోదాలో కాదులే.

మాకు కొళాయి లేదు. ట్యాంకరు వారానికి రెండుసార్లు వస్తుంది, మనసైతే. షెడ్డుకు నాలుగేసి నీలం డ్రమ్ములు. గోడకు అవతల అపార్ట్‌మెంట్లలో రోజంతా నీళ్ళే. దోమల పొగబండి కూడా వాళ్ళకు వస్తుంది. గోడదాకా వచ్చి, మమ్మల్ని చూసి, వెనక్కి తిరుగుతుంది. మాకు వచ్చేది కరపత్రం.

నీ దగ్గర దాచేదేముంది, నా ఇంట్లో మూడు డ్రమ్ములు బోర్లించాను. నాలుగోదాని దగ్గర చెయ్యి ఆడలేదు. నిండా ఉంది అక్కా. రేపు ట్యాంకరు రాకపోతే? దాని మీద చెక్క వేసి, పైన దుప్పట్లు సర్దాను. ఇప్పుడు చూసేవాళ్ళకు అది బల్ల. నీ కూతురు అదంతా చూసి, "మామా, నువ్వే కదా ప్రెసిడెంటు?" అంది. దానికి నీ నోరే వచ్చింది. సూపర్‌మార్కెట్లో ప్యాకింగ్ పని బాగా చేస్తోంది మౌనిక. బిల్లు కౌంటరుకు మారుస్తామన్నారట.

నీ మరదలు నిన్ను అడిగినట్టు రాయమంది.

గంగప్ప


ఎర్రబండపల్లె, కదిరి దగ్గర
జూన్ 25

ఒరే గంగా,

నవ్వడం ఇంకా అవలేదు. నీ ఉత్తరం లక్ష్మీనారాయణ అంగట్లో చదువుకుని నవ్వితే, చెవిటిదానికి పిచ్చి కూడా తోడైందని వాడు నాకు ఉప్పు పొట్లం ఊరికే ఇచ్చి పంపించాడు.

నువ్వు నీళ్ళు పారబోయిస్తావా? ఎవరి కొడుకువిరా నువ్వు? మొహం కడిగిన నీళ్ళు తొట్టిలో పట్టి, వాటితో గిన్నెలు తోమి, తోమిన నీళ్ళు ఎనుముకు పెట్టిన ఇల్లు మనది. నాయనకు చివరి స్నానం చేయిస్తుంటే అమ్మ ఏడుస్తూనే, ఇంక చాలించండి, నీళ్ళు అయిపోతాయి అంది. నువ్వు అప్పుడు చిన్నవాడివి, నీకు గుర్తుండదు. నాకుంది.

ఇక్కడ ట్యాంకరు ఎప్పుడొస్తుందో దాన్ని తోలేవాడికే తెలియదు. నిండు డ్రమ్ము బోర్లించమని ఎవరైనా మా గడప తొక్కితే పొరక తీసుకుంటాను. ఆ నళిని మంచి పిల్లే అయివుంటుంది, కానీ వాళ్ళది ఏరు పారే ఊరేమో కనుక్కో.

ఒక్క మాట చెబుతున్నాను విను. ఆ నాలుగో డ్రమ్ము మీద చెయ్యి వెయ్యొద్దు. ఎవరేమన్నా అట్లనే పెట్టుకో. మా ఆయన పోయాక మౌనికను నీ చేతిలో పెట్టాను. పనినుంచి వచ్చిన పిల్లకు తలమీద పోసుకోవడానికి నీళ్ళు లేవని తెలిసిందంటే నేను ఊరుకోను. అధ్యక్షుడివి వీధిలో. ఇంట్లో నువ్వు నా తమ్ముడివి.

మొలలకు మజ్జిగ తాగు.

పుల్లమ్మ


కాడుగోడి, బెంగళూరు
జూలై 28

అక్కా,

నీ తమ్ముడికి దండ పడింది. కనకాంబరాలది కాదు, ప్లాస్టిక్కుది, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. కానీ పడింది.

ముందు నా ఉద్యోగ ధర్మం చెబుతాను. శుక్రవారం పొద్దున నేను ఈల వేసుకుంటూ బయలుదేరితే షెడ్లలో ఎక్కడి డ్రమ్ములు అక్కడ దాక్కుంటాయి. ఒకడు చీరలు ఆరేస్తాడు దాని మీద. ఒకామె దాని ముందు పిల్లవాడిని కూర్చోబెట్టి అన్నం తినిపిస్తుంది, నేను పోయేదాకా ఆ పిల్లవాడు తింటూనే ఉంటాడు. ఇంకొందరు మరీ తెలివైనవాళ్ళు, నేను రాకముందు ఈ డ్రమ్ములోని నీళ్ళు పక్కింటి డ్రమ్ములో పోసి, ఖాళీది నాకు చూపించి, నేను మలుపు తిరగగానే మళ్ళీ తెచ్చి పోసుకుంటారు. అందులోని తోకపురుగులకు, అదే దోమ పిల్లలకు, వారం వారం ఇల్లు మారడం తప్ప ఏ ఇబ్బందీ లేదు.

పావగడ వైపునుంచి వచ్చిన మారెమ్మ అని ఒక ముసలావిడ ఉంది. ఆమె దాచదు, తన డ్రమ్ము మూత మీద ఎక్కి కూర్చుంటుంది. "నాలుగేండ్లు వాన లేక ఊరిడిసి వచ్చినదాన్ని. నాతో నీళ్ళు పారబోపిస్తావా అప్పా?" అని అడిగింది. నేను చేతులు కట్టుకుని, పిల్లల ప్రాణాలు, సమాజం, బాధ్యత అని పది నిమిషాలు దంచాను. మధ్యలో ఇంట్లోని నా బల్ల గుర్తొచ్చింది. దగ్గు వచ్చినట్టు నటించి బయటపడ్డాను.

ఇక దండ సంగతి. వార్డులో ఏదో సభ పెట్టి నళిని నన్ను కూడా పిలిపించింది. పక్క షెడ్డు నాగరాజ్ దగ్గర తెల్లచొక్కా అరువు తీసుకుని పోయాను. మాట్లాడమన్నారు. నీటి విలువ గురించి మొదలుపెట్టి, దాన్ని పారబోయడం దగ్గర ముగించాను. మధ్యలో ఎక్కడ మలుపు తిరిగానో నాకే తెలియదు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి హాయిగా కునుకు తీశాడు. ఆపగానే లేచి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఫోటో తీశారు. అందులో నావి చెవి, భుజం పడ్డాయి.

మౌనిక కాస్త నలతగా ఉందని రెండు రోజులు పనికి పోలేదు. వానలు కదా. నీ మరదలు చూసుకుంటోంది.

ఫోటో దొరికితే పంపిస్తాను. చెవి నాదేనని నువ్వు గుర్తుపడతావు.

గంగప్ప


ఎర్రబండపల్లె
ఆగస్టు 6

గంగా,

మూడు పేజీలు నీ దండకు, ఒక్క ముక్క నా బిడ్డకు. నువ్వు బోరు ఎండిపోయినప్పుడు కూడా ఇట్లాగే జోకులు రాశావు. మీ బావ ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా నర్సును వెక్కిరిస్తూ రాశావు, ఆయన పోయేముందు.

నీకు ఎంత భయమైతే అంత నవ్విస్తావు. నేను చెవిటిదాన్నే, గుడ్డిదాన్ని కాను.

మౌనికకు ఏమైంది? ఉన్నది ఉన్నట్టు రాయి. లేకపోతే నేనే బస్సెక్కుతాను.

పుల్లమ్మ


కాడుగోడి, బెంగళూరు
ఆగస్టు 14

అక్కా,

ఈ ఉత్తరం కంటే ముందే లక్ష్మీనారాయణకు ఫోన్ చేసి, మౌనిక లేచి అన్నం తింటోందని నీకు పలక మీద రాసి చూపించమన్నాను. చూపించాడు కదా? అది నిజం. ఇప్పుడు మిగతా నిజం చదువు. కూర్చుని చదువు.

డెంగీ. నలత అని రాసిన రోజుకే ఒళ్ళు కాలిపోతోంది. మామూలు జ్వరమే అనుకుని మాత్ర వేశాను. ఊరందరికీ జ్వరం లక్షణాలు వల్లించే అధ్యక్షుణ్ణి, ఇంట్లో పిల్ల కళ్ళ వెనక నొప్పి అంటే ఫోన్ ఎక్కువ చూస్తావు అని తిట్టాను. తర్వాత పళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం కనబడింది. నీ మరదలు అరుస్తూ పోయి నళినిని తీసుకొచ్చింది. నళిని ఆటోలో మౌనిక తల ఒళ్ళో పెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయన్నారు. ఇంకో పూట ఆలస్యమై ఉంటే అని డాక్టరమ్మ మాట మధ్యలో ఆపింది. ఆ మాట చివర ఏముందో నేను అడగలేదు.

భయపడ్డాను అక్కా. ఆ వరండాలో నిలబడి, దీనికి ఏమన్నా అయితే పుల్లక్కకు ఏ మొహం చూపించాలి అని, ఆ ఒక్క మాటే అనుకున్నాను. దేవుడికి కూడా సరిగ్గా మొక్కలేకపోయాను. అందుకే అప్పుడు లక్ష్మీనారాయణకు ఫోన్ చేయలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

మా షెడ్ల నుంచి ఎవరు వచ్చినా బొప్పాయి ఆకు రసం తెచ్చారు. డాక్టరమ్మ వద్దంటున్నా వినలేదు. అంతా పారబోయడం ఎందుకని ఒక గ్లాసు నేను తాగాను. జ్వరం లేని మనిషికి కూడా ఆ చేదుకు ప్రాణం లేచి కూర్చుంటుంది. చూశావా, మళ్ళీ మొదలుపెట్టాను. ఆపేస్తున్నాను.

ఇంట్లో ఒకరికి వస్తే చుట్టూ నీళ్ళన్నీ వెతకాలని నళిని మా షెడ్డుకు వచ్చింది. నా బల్ల మీది దుప్పట్లు తీసింది. చెక్క ఎత్తింది. ఫోన్ లైటు వేసింది. లోపల తోకపురుగులు గుంపులు గుంపులుగా ఆడుతున్నాయి. నళిని నన్ను ఏమీ అనలేదు. ఏ డ్రమ్ములో పుట్టిన దోమ కుట్టిందో ఎవరూ చెప్పలేరు అని మాత్రం అంది. నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజంగానే అంతేనో నాకు తెలియదు. ఆ డ్రమ్ము ఉంచింది నేనే. ఇంకెవరి ప్రమేయమూ లేదు.

ఆ సాయంత్రం అందరినీ పిలిచి ఉన్నది చెప్పేశాను. ఇంక మీరు ఇంకెవరినైనా పెట్టుకోండి అన్నాను. తిడతారనుకున్నాను. మారెమ్మ లేచింది.

"నువ్వు పదవి దిగేది యాలప్పా? నా బట్టల మూటల కింద ఒకటి ఉండాది. ఈ వరసలో అందరిండ్లలోనూ ఉండాది, అడుగు కావాలంటే. పారబోసేకి మాకు చేయి రాదు, నీకూ రాదు. చేయి రానివాళ్ళతో పారబోయండి అని ఎన్ని శుక్రవారాలు చెప్పినా అంతే. దాచుకునే పని లేకుండా రోజూ నీళ్ళియ్యమని అడుగుదాం పా."

అక్కా, ఇన్ని వారాలు ఈల వేసుకుంటూ తిరిగాను, ఈ మాట నాకు తట్టలేదు. మరునాడు ఆడవాళ్ళంతా కలిసి పాత చీరలు రెండు మడతలు వేసి డ్రమ్ములకు మూతలు కుట్టారు. సైకిల్ ట్యూబు కోసి గట్టిగా బిగించారు. నీళ్ళూ పారబోయక్కరలేదు, దోమా దూరదు. కొళాయి కోసం నీళ్ళ బోర్డు ఆఫీసుకు పోయాము. ఆఫీసులో, మీ షెడ్లకు పత్రాలు లేవు కాబట్టి కుదరదన్నారు. మళ్ళీ పోతాము.

మౌనిక బలహీనంగా ఉంది, కానీ నన్ను వెక్కిరించేంత ఓపిక వచ్చింది.

గంగప్ప


ఎర్రబండపల్లె
ఆగస్టు 29

గంగా,

ఇంకెవరి ప్రమేయమూ లేదని రాశావు. ఎవరి కోసంరా ఆ అబద్ధం?

నువ్వు రాయకుండా వదిలిన మాట నేనే రాస్తున్నాను. ఆ డ్రమ్ము మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పింది నేను. ఎవరేమన్నా అట్లనే పెట్టుకో అన్నది నేను. పొరక తీసుకుంటానని గొప్పలు కూడా పోయాను. నువ్వైనా సగం సిగ్గుపడి దుప్పటి కప్పావు. నేను సిగ్గు కూడా పడలేదు.

పలక మీద లక్ష్మీనారాయణ 'అన్నం తింటాంది' అని రాసి చూపిస్తే ఆ పలక పట్టుకుని అంగడి మెట్ల మీద కూర్చుండిపోయాను. వాడు తుడిచేసుకుంటానంటే ఇవ్వలేదు. పిల్ల తలమీద రెండు చెంబులు ఎక్కువ పడాలని, అంతేరా నేను అనుకున్నది. బిడ్డ మీద ప్రేమ ఉంటే నీళ్ళు దాచిపెట్టాలి, అదొక్కటే మనకు అమ్మ నేర్పింది. ఇంకో రకంగా చూపించడం నాకు రాదు.

నాకు నీ మీద కోపమే, నీ అధ్యక్షత మీద కోపమే, నా మీద ఇంకా కోపం. ఇంక ఆ షెడ్లలో నా బిడ్డ ఉండనక్కరలేదు. దసరా పోయాక వచ్చి తీసుకొచ్చేస్తాను. ఇక్కడ కూలీకి పోయినా నా కళ్ళ ముందు ఉంటుంది. అది ఏడ్చినా సరే. దానికి నువ్వే చెప్పు.

బొప్పాయి రసం నీకు మంచిదే. రోజూ తాగు.

పుల్లమ్మ


కాడుగోడి, బెంగళూరు
అక్టోబరు 27

అక్కా,

కొళాయి వచ్చింది.

నా వల్ల వచ్చిందని రాయాలని చాలా కోరికగా ఉంది, కానీ నువ్వు నమ్మవు. మేము ఆ ఆఫీసుకు ఎన్నిసార్లు పోయామో లెక్క లేదు. ముందు నేను తెల్లచొక్కాలో పోయాను, లాభం లేదు. చొక్కా లేకుండా పోదామని నాగరాజ్ అన్నాడు, తన చొక్కా తనకు కావాలని. తర్వాత మారెమ్మ మా ఆడవాళ్ళందరినీ తీసుకుపోయి అక్కడి మెట్ల మీద కూర్చోబెట్టింది. కాగితం తీసుకున్నారు, కానీ అది కదలలేదు.

మా ఆడవాళ్ళలో సగం మంది గోడ అవతల ఇళ్ళలోనే పని చేస్తారు. ఊడ్చేటప్పుడు అక్కడ పూలకుండీల కింది పళ్ళేలు కూడా చూడమని నళిని చెప్పింది. అక్కడా తోకపురుగులే, ఇంకా బలిసినవి. ఆ అపార్ట్‌మెంట్ల సంఘానికి సెక్రటరీ అమరనాథ్ గారని, దోమలన్నీ షెడ్లనుంచే వస్తాయని మా మీద అర్జీ పెట్టినాయన. వాళ్ళ నాన్నకూ జ్వరం పట్టుకుంది, అప్పుడు మా ఆడవాళ్ళు ఆయనింటి పళ్ళేలే ఆయనకు చూపించారు. పెద్దాయన మళ్ళీ తిరగగలిగాక అమరనాథ్ గారు ముక్కుకు రుమాలు పెట్టుకుని మొదటిసారి మా వరసకు వచ్చాడు. కూర్చోవడానికి బోర్లించిన బకెట్టు వేశాము. మూతలు చూశాడు. మీకు నీళ్ళు ఎన్నిరోజులకు వస్తాయని అడిగాడు. పక్కనే ఇన్నేళ్ళున్నా ఆయనకు తెలియదట. మా కాగితం కింద సంతకం పెట్టాడు.

వారం తిరగకుండా కాగితం కదిలింది. మా వరస మొత్తం వేసిన వేలిముద్రలకు లేని బరువు ఆయన ఒక్క సంతకానికి ఉంది. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియక అందరం కలిసి టీ తాగాము. పత్రాల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. గోడ చివర కొళాయి వేశారు, రోజూ పొద్దున గంటసేపు నీళ్ళు. మూతలు వేసినప్పటి నుంచీ మా వరసలో ఎవరికీ కొత్తగా జ్వరం రాలేదు. ఇది రాయాలన్నా దిష్టి తగులుతుందని భయంగా ఉంది.

మొదటి రోజు ఏం చేశామో తెలుసా? రేపు కూడా వస్తాయని తెలిసీ, ఇంట్లో ఉన్నవన్నీ నింపాము. డ్రమ్ములు, బిందెలు, ఇడ్లీ పాత్ర, నా టిఫిను డబ్బా మూత కూడా. మారెమ్మ చెంబులు అయిపోయి పక్కింటివి అడిగింది. కమిటీ అధ్యక్షుడు అందరికంటే ముందు నిలబడి అందరికంటే ఎక్కువ పట్టాడు.

మౌనిక వంతు వచ్చింది. బిందె సగం నిండగానే కొళాయి కట్టేసింది. ఇంకా నీళ్ళు వస్తున్నాయి అక్కా. నేను పరిగెత్తుకుంటూ పోయి మళ్ళీ తిప్పబోయాను. అది నా చెయ్యి పట్టుకుంది.

"చాలు మామా. రేపూ వస్తాయి గదా."

ఏ ఆలోచనా లేకుండా అంది. బిందె చంకన పెట్టుకుని పోయింది. నాకు యాభై దాటాయి, ఆ మాట ఒక్కసారైనా నా నోటినుంచి వచ్చిందేమోనని అక్కడే నిలబడి వెతుక్కున్నాను. మరునాడు తెల్లవారకముందే లేచి కొళాయి దగ్గరికి పోయి కూర్చున్నాను. వచ్చాయి. నేను మాత్రం ఇప్పటికీ ఒక బిందె ఎక్కువే పడుతున్నాను.

నువ్వు వచ్చి తీసుకుపోతానన్నావు. అడ్డు చెప్పే మొహం నాకు లేదు. దాన్ని బిల్లు కౌంటరులో కూర్చోబెట్టారు, అది మాత్రం రానంటోంది. ఏ బస్సుకు వస్తావో రాయి, మెజెస్టిక్ బస్టాండుకు వచ్చి నిన్ను తీసుకొస్తాను.

గంగప్ప


ఎర్రబండపల్లె
నవంబరు 5

గంగా,

నేను రావడం లేదు.

ఇక్కడ దీపావళికి ముందు వచ్చిన ట్యాంకరే. మళ్ళీ జాడ లేదు. నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను గంగాళం అడుగు నీళ్ళు చెంబుతో గీరుతున్నాను. ఆ చెయ్యితోనే విప్పి చదివాను. ఆ ఒక్క చోటు మళ్ళీ మళ్ళీ చదివాను.

రేపూ వస్తాయి అని నేను ఎన్నడూ అనలేదురా. అమ్మ అనలేదు. నా కడుపున పుట్టిన పిల్ల అనింది, అదీ ఆలోచించకుండా. దాన్ని ఇక్కడికి తెచ్చుకుంటే నాలుగు రోజుల్లో ఆ మాట మరిపించేస్తాను. నా సంగతి నాకు తెలుసు. బిందె సగంలో కట్టేస్తే చెయ్యి మీద కొడతాను. నేను చూడకుండా ఉండలేని బిడ్డే, అయినా అక్కడే ఉండనీ.

ఎప్పుడో ఒకనాడు ఆ కొళాయి రాదు. రాకుండా ఉండదు, నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆ రోజు నాకు ఉత్తరం రాస్తూ కూర్చోవద్దు, జోకులు వద్దు. మారెమ్మను వెంటబెట్టుకుని ఆఫీసుకు పరిగెత్తు. మౌనిక నిద్రలేచి బిందె తీసుకుని వచ్చేలోపల నీళ్ళు తెప్పించు.

మీ అక్క,
పుల్లమ్మ